ఆకు చూసి తెగులు చెప్పే యంత్రం



ఈవేళ మీతో ఒక కొత్త సంగతి ముచ్చటించాలని వచ్చాను. కొత్తదే గాని, మీ ఇళ్లలోకి ఇదివరకే వచ్చి కూర్చున్నది. చేతిలో ఉన్న ఫోనుతో ఒక మిరపాకును ఫోటో తీస్తే చాలు, “ఇది ఫలానా తెగులు, ఫలానా మందు కొట్టండి” అని క్షణంలో, అదీ మన తెలుగులోనే, చెప్పుతున్నది. దీనిని కృత్రిమ మేధ అంటున్నారు. మేధ అంటే తెలివి. మనిషి చేసిపెట్టిన తెలివి అన్నమాట. దీనిని ఎంతవరకు నమ్మవచ్చు, ఎక్కడ నమ్మరాదు అన్నదే ఈవేళ మన ప్రశ్న.

నేను వ్యవసాయ డిప్లొమా చదివి విస్తరణ అధికారిగా పనిచేస్తున్నవాణ్ణి. కంప్యూటరు శాస్త్రం చదివినవాణ్ణి కాను. కాబట్టి చదివి తెలుసుకున్నదీ, పొలంలో చూసినదీ మాత్రమే చెప్పుతాను. ముందుగా నా అనుభవం ఒకటి వినండి.

అది 2022 జనవరి. మా ప్రాంతంలో మిరప పూత మీద ఉన్నది. ఒక పెద్దాయన ఉదయాన్నే నా దగ్గరకు వచ్చాడు. రెండెకరాల మిరప, అది కూడా కౌలు భూమి. ఆకు ముడుచుకుంటోంది, పూత రాలుతోంది. “సారూ, ఫోను మొక్కలు పీకెయ్యమంటోంది. కూలీలను మాట్లాడాను. ఒక్కసారి మీకు చెప్పి పోదామని వచ్చాను” అన్నాడు. ఫోను చూశాను. ఆకుముడత వైరసు, సోకిన మొక్కలు పీకి నాశనం చేయండి అని ఉన్నది. పొరపాటున కూడా “కావచ్చు” అన్న మాట లేదు.

ఇద్దరం పొలానికి వెళ్లాం. తెల్లకాగితం ఒకటి పూల కింద పట్టి మెల్లగా తట్టాను. కాగితం మీద నల్లటి సన్నని పురుగులు బిలబిలమని పరుగెత్తాయి. అది వైరసు కాదు. 2021 చివరిలో మన రెండు రాష్ట్రాల మిరప తోటల మీద విరుచుకుపడిన నల్ల తామర పురుగు. శాస్త్రజ్ఞులు దీనిని త్రిప్స్ పార్విస్పైనస్ అంటారు. మనకు పాత తామర పురుగు తెలుసు. అది లేత ఆకును గీకి, ఆకును పైకి ముడుస్తుంది. పై ముడత అంటాం. నల్లి అయితే కింది ముడత. ఈ కొత్త పురుగు మాత్రం పూలలో దూరి కూర్చుని పూతనే తింటుంది.

పెద్దాయన కూలీలను వద్దని పంపివేశాడు. నీలి రంగు జిగురు అట్టలు కట్టాం. ఒకే మందు మీద మందు కొట్టడం ఆపించాం. ఆ ఏడు పంట మునుపటంత రాలేదు, ఆ సంగతి దాచను. కాని బతికే తోటను తన చేతులతో తానే పీక్కోకుండా మిగిలాడు.

కథ ఇక్కడితో ఆపితే, యంత్రం తప్పు, నేను ఒప్పు అని మీరు అనుకుంటారు. అది న్యాయం కాదు. అంతకు రెండు వారాల ముందు ఇంకొక రైతు నాకు ఫోనులో ఆకు ఫోటో పంపించాడు. నేను పొలానికి వెళ్లలేదు. ఆకు పైకి ముడిచి ఉన్నది, పాత తామర పురుగే అనుకుని, అలవాటైన సలహా చెప్పేశాను. పువ్వు విప్పి చూడమని ఒక్క మాట అనలేదు. ఆ రైతు మందు ఖర్చు వృథా అయింది. అంటే, ఆ యంత్రం ఏ తప్పు చేసిందో నేనూ అదే తప్పు చేశాను. ఇద్దరం ఇదివరకు చూసినదే చూశాం. కొత్తది వచ్చినట్టు ఇద్దరికీ తెలియలేదు. అప్పటి నుంచీ ఈ యంత్రం ఎలా నేర్చుకుంటుందో తెలుసుకోవాలని నాకు పట్టుదల పుట్టింది.

సరే, ఎలా నేర్చుకుంటుంది?

కలుపు తీసే చోటికి వెళ్దాం. వరిలో ఊద ఉంటుంది. లేతగా ఉన్నప్పుడు రెండూ ఒక్కలాగే ఉంటాయి. కొత్తగా కలుపుకు వచ్చిన పిల్ల ఊద బదులు వరి పీకుతుంది. పక్కనున్న అవ్వ “అదికాదే, ఇది” అని చేతి మీద ఒకటి వేస్తుంది. పది సార్లు, వంద సార్లు అలా జరిగాక ఆ పిల్ల చెయ్యి తనంత తానే ఊద మీదికే పోతుంది. ఎలా గుర్తుపట్టావు అంటే చెప్పలేకపోవచ్చు. పుస్తకంలో మాత్రం ఉన్నది: వరికి ఆకు మొదట్లో సన్నని పొర ఉంటుంది, ఊదకు ఉండదు అని. ఆ పిల్ల పుస్తకం చదవలేదు. ఉదాహరణలు చూసి, తప్పులు దిద్దుకుని నేర్చుకున్నది.

యంత్రం నేర్చుకునేదీ ఈ దారినే. ఫోటో అంటే చుక్కల ముగ్గు. ఒక్కొక్క చుక్కలో ఎరుపు ఎంత, పచ్చ ఎంత, నీలం ఎంత అని అంకెలు ఉంటాయి. యంత్రం లోపల లక్షల కొద్దీ తూకపు రాళ్లు ఉన్నాయనుకోండి. ఫోటోలోని అంకెలను ఆ రాళ్లతో తూచి, ముల్లు ఎటు మొగ్గితే ఆ పేరు చెప్పుతుంది. తప్పు చెప్పితే ఆ రాళ్లను కాస్త కాస్త మారుస్తారు. మళ్లీ చూపిస్తారు, మళ్లీ మారుస్తారు. వేల ఫోటోలతో ఈ పని జరిగాక ముల్లు సరిగా మొగ్గడం మొదలుపెడుతుంది. ఇంతకు మించి అందులో మంత్రమేమీ లేదు.

ఈ ఆలోచన నిన్న మొన్నటిది కాదు. యంత్రాలు ఆలోచించగలవా అని ఇంగ్లండులో అలన్ ట్యూరింగ్ 1950లో వ్యాసం రాశాడు. 1956లో అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో కొందరు శాస్త్రజ్ఞులు కూడినప్పుడు కృత్రిమ మేధ అన్న పేరు నిలిచింది. 1958లో ఫ్రాంక్ రోజెన్‌బ్లాట్ మెదడులోని కణాల పనిని పోలిన యంత్రాన్ని ప్రకటించాడు. విత్తనం అప్పుడే పడ్డది గాని, నీరు చాలలేదు. చూపించేందుకు అన్ని ఫోటోలు లేవు, లెక్క కట్టేందుకు అంత బలమైన కంప్యూటర్లు లేవు. 2012లో కెనడాలోని టొరాంటో నుంచి జెఫ్రీ హింటన్, ఆయన శిష్యులిద్దరు 12 లక్షల ఫోటోలతో ఒక యంత్రానికి చూపు నేర్పారు. అందులో తూకపు రాళ్లు సుమారు 6 కోట్లు. అక్కడి నుంచీ పంట ఏపుగా పెరిగింది. హింటన్‌కు 2024లో భౌతిక శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చినవారిలో పాలు దక్కింది.

ఇక మన ఆకుల సంగతికి వస్తాను. శ్రద్ధగా వినండి, అసలు కీలకం ఇక్కడే ఉన్నది.

2016లో శరద మొహంతి, డేవిడ్ హ్యూస్, మార్సెల్ సలాతే అనే ముగ్గురు ఒక పరిశోధన ప్రకటించారు. 54,306 ఆకుల ఫోటోలు. 14 పంటలు, 26 రోగాలు. నేర్పేటప్పుడు చూపించకుండా పక్కన దాచిన ఫోటోలు చూపి పరీక్షిస్తే, యంత్రం నూటికి 99.35 పాళ్లు సరిగా చెప్పింది. నూటికి తొంభైతొమ్మిది! ఆ అంకె విన్నవారెవరైనా ఇక వ్యవసాయ అధికారి ఎందుకు అనుకోకమానరు.

కాని ఆ ముగ్గురూ నిజాయితీగా ఇంకొక మాట కూడా రాశారు. అదే యంత్రానికి వేరే పరిస్థితులలో, వేరే చోట తీసిన ఫోటోలు చూపితే నూటికి 31 పైచిలుకు మాత్రమే సరిగా చెప్పింది. తొంభైతొమ్మిది ఎక్కడ, ముప్ఫైఒకటి ఎక్కడ!

ఎందువల్ల? నేర్పిన ఫోటోలలో ఆకును తుంచి, ఒంటరిగా, ఒకే తీరు నేపథ్యం మీద పెట్టి తీశారు. మన పొలంలో ఆకు అలా ఉంటుందా? వెనుక మన్ను, పక్కన నాలుగు ఆకులు, మీద నీడ, ఆకు పట్టుకున్న మన చెయ్యి. పాఠం ఒకటి, పరీక్ష ఇంకొకటి.

మరొక సంగతి. ఆ 14 పంటలలో ఆపిలు, ద్రాక్ష, బంగాళాదుంప, టమాటా, మొక్కజొన్న ఉన్నాయి. వరి లేదు, పత్తి లేదు, వేరుశనగ లేదు. మిరప జాతిలో కూర మిరప ఉన్నది. దానికి నేర్పినవి రెండే: ఆరోగ్యంగా ఉన్న ఆకు, బాక్టీరియా మచ్చ ఉన్న ఆకు. పై ముడత, కింది ముడత అన్న మాటలే ఆ పాఠంలో లేవు. మన ముడత ఆకు చూపిస్తే అది ఏమంటుంది? “నాకు తెలియదు” అనడం దానికి ఎవరూ నేర్పలేదు. తెలిసిన పేర్లలో దగ్గరగా తోచిన దాని వైపు ముల్లు మొగ్గుతుంది. అదే పేరు ధీమాగా చెప్పుతుంది. ఆ తరువాత ఎన్నో మంచి యంత్రాలు వచ్చాయి. పొలంలోనే తీసిన ఫోటోలతో, మన పంటలతోనూ నేర్పుతున్నారు. కాని ఈ నియమం మారలేదు. నేర్పినది తెలుస్తుంది, నేర్పనిది తెలియదు.

ఇక్కడ మన గంగిరెద్దు గుర్తుకొస్తుంది. సంక్రాంతికి వాకిట్లోకి వస్తుంది. “అమ్మగారికి పాడి కలుగుతుందా?” అని అడిగితే అవునని తల ఊపుతుంది. “అయ్యగారికి దండం పెట్టు” అంటే కాళ్లు వంచుతుంది. పిల్లలు ఎద్దుకు మాటలు అర్థమవుతున్నాయనుకుంటారు. పెద్దలకు తెలుసు, ఎద్దు చూసేది ఆడించేవాని చేతినీ, వినేది డోలు దెబ్బనూ అని.

ఇటువంటిదే జర్మనీలోనూ జరిగింది. బెర్లిన్‌లో హన్స్ అనే గుర్రం కూడికలు, తీసివేతలు చేసి, జవాబు ఎంతైతే అన్నిసార్లు గిట్ట తాటించేది. 1904లో పెద్దల సంఘమొకటి వచ్చి పరీక్షించి ఇందులో మోసం లేదన్నది. తరువాత ఆస్కార్ ఫుంగ్‌స్ట్ అనే పరిశోధకుడు ఓపికగా గమనించాడు. అడిగేవానికే జవాబు తెలియకపోతే గుర్రానికీ తెలియడం లేదు! సరైన అంకె రాగానే అడిగేవాని తల, ముఖం తనకు తెలియకుండానే కాస్త కదిలేవి. గుర్రం ఆ కదలికను పట్టేది. జవాబు ఒప్పే, దారి మాత్రం వేరు. యంత్రమూ ఒక్కొక్కసారి అంతే. ఆకు మీది మచ్చను చూడక, ఫోటో వెనుక ఉన్న రంగును పట్టుకుని జవాబు చెప్పవచ్చు. పాఠశాలలో నెగ్గుతుంది, పొలంలో ఓడుతుంది.

అయితే ఇంతకూ ఈ యంత్రానికి స్పృహ ఉన్నదా? “మనతో మాట్లాడుతున్నది కదా సారూ, దానికి మన కష్టం తెలుస్తుందా?” అని ఒక సోదరి నన్ను అడిగింది. మంచి ప్రశ్న. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చిన దగ్గర నుంచి లోకమంతా ఇదే అడుగుతున్నది.

మీ ఎద్దుకు స్పృహ ఉన్నదని మీకు ఒకరు చెప్పనక్కరలేదు. మీ అడుగుల చప్పుడుకు చెవి రిక్కిస్తుంది, ముల్లుగర్ర చూసి ఒళ్లు ముడుచుకుంటుంది. 2012లో కేంబ్రిడ్జిలో కూడిన శాస్త్రజ్ఞులు కూడా, స్పృహకు ఆధారమైన మెదడు ఏర్పాట్లు మనుషులకే కాక పశుపక్ష్యాదులకూ ఉన్నాయని ప్రకటించారు. యంత్రం మాటకు వస్తే, 2023లో 19 మంది శాస్త్రజ్ఞులు, తత్వవేత్తలు కలిసి పరిశీలించారు. అప్పటి యంత్రాలలో ఏదీ స్పృహ కలదిగా తోచడం లేదన్నారు. మున్ముందు రానేరాదని కూడా వారు అనలేదు. ఆ వాదం పండితులకు వదిలేద్దాం. మనకు తెలిసినదొకటి చాలు. మాట్లాడే యంత్రం మాట తరువాత ఏ మాట వస్తే కుదురుతుందో లెక్కగట్టి మాటలు అల్లుతుంది. అల్లిక అందంగానే ఉంటుంది. నిజం కూడా చాలాసార్లు ఉంటుంది. కాని లీటరు నీటికి ఎన్ని మిల్లీలీటర్లు అన్నచోట తప్పు అంకె వచ్చినా, అదే అందంతో, అదే ధీమాతో చెప్పుతుంది. దానికి కౌలు లేదు, అప్పు లేదు. తోట మాడితే దాని గుండె అదరదు. నష్టం మీది, బాధ్యత మాది.

ఇలా అన్నానని ఫోను అవతల పారవేయమనడం లేదు. ఈ విద్య వల్ల మేలు జరిగిన చోట్లు ఉన్నాయి. కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో 2016లో ఇక్రిశాట్, మైక్రోసాఫ్టు కలిసి 175 మంది వేరుశనగ రైతులకు ఎప్పుడు విత్తాలో ఫోనుకు తెలుగులో సందేశాలు పంపాయి. ముప్ఫై ఏళ్ల వానల లెక్కలు తీసి యంత్రం చెప్పిన సలహా అది. జూను మొదట్లో పడ్డ చినుకుకు తొందరపడక, నెలాఖరు దాకా ఆగి విత్తినవారికి సగటున ఎకరా దిగుబడి నూటికి 30 పాళ్లు పెరిగిందని వారు ప్రకటించారు. ఖరీదైన ఫోను కూడా అక్కరలేకపోయింది, మామూలు ఫోనుకే సందేశం వచ్చింది. ఖమ్మం జిల్లాలో సాగు బాగు అనే పథకం కింద 7,000 మంది మిరప రైతులకు సలహాలు, మట్టి పరీక్ష, సరుకు నాణ్యత పరీక్ష, అమ్మకం వసతి కలిపి ఇచ్చారు. ఎకరా దిగుబడి నూటికి 21 పాళ్లు పెరిగిందనీ, పురుగుమందు వాడకం 9 పాళ్లు తగ్గిందనీ నివేదిక వచ్చింది. గమనించండి, అక్కడ యంత్రం ఒక్కటే పని చేయలేదు, వెనుక మనుషులు ఉన్నారు. 2025 ఖరీఫులో కేంద్ర వ్యవసాయ శాఖ 13 రాష్ట్రాలలో 3.8 కోట్ల మంది రైతులకు కృత్రిమ మేధతో కట్టిన వానల అంచనాను ముందుగా పంపింది. ఆ ఏడు రుతుపవనాలు తొందరగా వచ్చి, మధ్యలో చాలా రోజులు ఆగిపోయాయి. ఆ విరామం వస్తుందని ఆ అంచనా ముందే పట్టుకున్నది. విత్తనాల ఖర్చు తెలిసినవారికి ఆ మాట విలువ ఎంతో తెలుసు.

కాబట్టి వాడుకుందాం. కాని తెలిసి వాడుకుందాం. ఇందుకు కొన్ని పద్ధతులు చెప్పుతాను, రాసుకోండి.

మొదటిది, ఫోటో. ఉదయపు వెలుగులో, మీ నీడ పడకుండా తీయండి. ఒక్క ఆకు చాలదు. ఆకు పైభాగం, అడుగుభాగం, పువ్వు లోపల, మొక్క మొత్తం, మడి మొత్తం, ఇలా అయిదు తీయండి. మడి ఒక మూల మొక్కే కాక నాలుగు చోట్ల చూడండి.

రెండవది, చెప్పవలసినవి చెప్పండి. రకం ఏది, నాటి ఎన్నాళ్లయింది, ఇదివరకు ఏ మందులు ఎప్పుడు కొట్టారు, నీరు ఎప్పుడు పెట్టారు. డాక్టరు దగ్గర జబ్బు దాచినట్టు యంత్రం దగ్గర దాచితే ఎలా?

మూడవది, తెల్లకాగితం పరీక్ష. పూలు, చిగుళ్లు కాగితం మీద తట్టి చూడండి. పురుగు కళ్లబడితే చాలావరకు చిక్కు విడుతుంది. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు.

నాలుగవది, రెండో మాట. యంత్రం పీకమన్నా, కాల్చమన్నా, కొత్త మందు కొట్టమన్నా, ఇంకొకరిని అడగకుండా చేయకండి. మీ విస్తరణ అధికారి ఉన్నారు, దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నది. కిసాన్ కాల్ సెంటరు నంబరు 1800-180-1551, డబ్బులు పడవు. తిరిగి రాని పని ఏదైనా ఒక పూట ఆగి చేస్తే మంచిది.

అయిదవది, మోతాదు. మందు మోతాదు ఫోను చెప్పినది కాదు, డబ్బా మీది కాగితంలో ఉన్నదే ప్రమాణం. రెండూ వేరైతే ఆగిపొండి. డబ్బా మీది త్రికోణం చూడండి. ఎరుపు అన్నిటికన్నా విషపూరితం, తరువాత పసుపు, నీలం, ఆకుపచ్చ.

ఆరవది, గుట్టు. ఆకు ఫోటో అడిగితే ఇవ్వండి. తెగులు చెప్పడానికి మీ బ్యాంకు ఖాతాతో, ఫోనుకు వచ్చే రహస్య అంకెతో పనిలేదు. అవి అడిగితే అది తెగులు చెప్పేది కాదు, తెగులే.

నాతోటి విస్తరణ ఉద్యోగులకు ఒక మాట. ఈ యంత్రం మన పని తీసివేస్తుందని కొందరికి బెంగ ఉన్నది. గదిలో కూర్చుని ఫోటో చూసి సలహా చెప్పే పనే మన పని అయితే, ఆ బెంగ నిజమే. ఆ పని అది మనకన్నా వేగంగా చేస్తుంది, రాత్రి పన్నెండింటికి కూడా చేస్తుంది. గట్టు దిగి, పువ్వు విప్పి, ఇదివరకు లేనిది ఒకటి వచ్చిందని మొదట పసిగట్టడం మన పని. యంత్రం తప్పు చెప్పిన ప్రతిసారీ ఆ ఫోటోను సరైన పేరుతో, తేదీతో దాచి పరిశోధన కేంద్రాలకు అందజేద్దాం. మన పై ముడత, మన కింది ముడత, మన నల్ల తామర పురుగు మన పొలాల నుంచి వెళ్లకపోతే ఏ దేశపు యంత్రానికీ అవి తెలియవు. మనం నేర్పితేనే అది మనకు పనికివస్తుంది.

రైతు సోదరులారా, ఆ పెద్దాయన తరువాతి ఏడు కూడా మిరపే పెట్టాడు. ఇప్పటికీ ఫోనులో ఫోటో తీస్తాడు. కాని జేబులో ఒక తెల్లకాగితం మడిచి పెట్టుకుంటాడు. ముందు కాగితం, తరువాత ఫోను, ఆ తరువాత నన్ను పిలవడం. మొన్న వెళ్లినప్పుడు అన్నాడు: “సారూ, ఫోను కూడా ఒక పాలేరే. చెప్పిన పని చేస్తుంది. చెప్పనిది చూసుకోవలసింది ఆసామీనే.”

అంతకన్నా బాగా నేను చెప్పలేను. రేపు ఉదయం తోటలోకి వెళ్లినప్పుడు ఒక తెల్లకాగితం తీసుకుని వెళ్లండి.